చంక దిగని బిక్షం

సాతంరాయిలో అనంతమ్మను దూరం నుంచి గుర్తుపట్టడానికి మొహం చూడనక్కర్లేదు. ఎడమ పక్కకు ఒరిగి, కుడి చెయ్యి ఊపుకుంటూ నడిచే ముసలామె ఎవరైనా కనబడితే అది ఆవిడే. మూడున్నరేళ్లు మనవణ్ణి ఎడమ చంకన మోసి మోసి నడుము ఆ పక్కకే ఉండిపోయింది. ఆ మనవడు పెద్దవాడై అరక కట్టి దున్నే వయసుకు వచ్చాక కూడా ఆమె నడక మారలేదు. ఎవరైనా జాలిపడి "ఏందవ్వా, నడుము నొస్తున్నదా" అని అడిగితే, "నొయ్యాలె బిడ్డా, నొయ్యనీ" అనేది. ఆ జవాబు వెనక ఒక కథ ఉంది. అందులో ఆమె గొప్పతనం ఏమీ లేదు.

అనంతమ్మ ఆ ఊరికి కోడలుగా వచ్చింది తొమ్మిదో ఏట. మొగుడు ఈశ్వరయ్యకు పన్నెండెకరాల మెట్ట చెలక, బావి కింద రెండు మడులు. ఈశ్వరయ్య మెతక మనిషి, అందుచేత ఇంట్లో మాట అనంతమ్మదే. పోనుపోను ఊళ్లోని ఆడవాళ్లలో కూడా ఆమె మాటే మాట అయింది. ఏ ఇంట పెళ్లి జరిగినా పసుపు దంచే రోటి మీద ముందు ఆమె చెయ్యి పడాలి. ఆమె రాకుండా పోచమ్మకు బోనం లేవదు. ఇద్దరు ఆడవాళ్లు తగవు పడి తప్పెవరిదో తేలకపోతే ఆమె వాకిట్లోకే వచ్చేవాళ్లు. ఆమె వక్క నోట్లో వేసుకుని, నమిలి, జంకూ గొంకూ లేకుండా తేల్చి చెప్పేది. తన తప్పు తానే తేల్చుకోవలసిన రోజు ఒకటి వస్తుందని ఆమెకు తోచలేదు. తోచే మనిషి కూడా కాదు.

ఒక్కగానొక్క కొడుకు దశరథం. కందుకూరు నుంచి భారతమ్మను తెచ్చి అతనికి పెళ్లి చేశారు. ఆ పిల్ల గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. కాపురానికి వచ్చిన నాలుగేళ్లలో ఇద్దరిని కన్నది, ఇద్దరూ దక్కలేదు. మొదటిబిడ్డ పురిట్లోనే పోయింది. రెండోవాడు ఎనిమిది నెలలు పెరిగాడు, పాకడం నేర్చాడు. ఒకనాడు భారతమ్మ కలుపుకు పోయింది. అనంతమ్మ వాణ్ణి వాకిట్లో వదిలి వడ్లు దంచుతోంది. తిరిగి చూసేసరికి వాడు గోడ మూలకు పాకిపోయి గుప్పెడు మట్టి నోట్లో కుక్కుకుని ఉన్నాడు. ఆ సాయంత్రం విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగోనాటికి వాడు లేడు.

మట్టి తినడం వల్లనే పోయాడో, మరింకేదైనా రోగమో ఎవరికి తెలుసు. అనంతమ్మ మాత్రం నేలే వాణ్ణి పిలుచుకుపోయిందని తేల్చేసింది. నువ్వు చూడలేదు కదా అని ఆమెను ఎవరూ అనలేదు. భారతమ్మ కూడా అనలేదు.

1940 సంవత్సరం చివర, చలికాలంలో మూడోవాడు పుట్టాడు. బిడ్డలు దక్కని ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే, వాణ్ణి అడుక్కొచ్చుకున్న బిడ్డగా చెప్పుకోవడం ఆ పక్క పద్ధతి. అనంతమ్మ కొంగు జోలె కట్టి ఐదిళ్ల ముందు నిలబడి గింజలు అడిగింది. పన్నెండెకరాల ఆసామి పెళ్లాం జోలె పట్టడం చూసి ఆ ఐదిళ్లవాళ్లూ కళ్లొత్తుకున్నారు. ఆ గింజలు చేటలో పోసి, వాటి మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టి, బిక్షం అని పేరు పెట్టారు. అడుక్కొచ్చిన దాని మీద ఎవరికీ కన్ను పడదని, చావుకు కూడా పడదని వాళ్ల నమ్మకం.

అనంతమ్మ అంతటితో ఆగితే బాగుండేది. ఏడు నెలలు గడిచి ఆషాఢం వచ్చింది. ఊరంతా బోనాలెత్తుకుని పోచమ్మ గుడికి పోయినప్పుడు ఆమె పిల్లవాణ్ణి చంకనేసుకుని అమ్మవారి ముందు నిలబడి, నలుగురూ వినేట్టు మొక్కుకుంది.

"తల్లీ, వీడు నిలిస్తే వచ్చే ఏడు వీని మొదటి అడుగు నీ గడప మీద పెట్టిస్త. అందాక వీని కాళ్లకు మట్టి అంటనియ్య."

పక్కనున్న ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాకే ఈడు పిల్లవాణ్ణి ఇంకో ఏడాది నేల మీదకు దించకుండా ఎలా ఉంచుతుందన్నది వాళ్ల అనుమానం. అనంతమ్మతో ఆ మాట అనగలిగే మనిషి ఎవరు? అమ్మవారు కూడా ఏమీ అనలేదు.

ఆనాటి నుంచి బిక్షానికి మూడే చోట్లు. తొట్టెల, మంచం, నాయినమ్మ చంక. చంకన వాణ్ణి పెట్టుకునే అనంతమ్మ నీళ్లు తోడేది, పొయ్యి ఊదేది, పొలం గట్టున నిలబడి కూలీలను కేకలేసేది. తను స్నానానికి పోతే వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, "దించితే చూడు మల్ల" అని కోడలికి వేలు చూపించి పోయేది.

వాడికి పదమూడో నెల నడుస్తుండగా ఒక పొద్దున భారతమ్మ కొట్టంలో పాలు పిండుతోంది. తొట్టెల్లో వాడు ఏడుస్తున్నాడు. అత్త పేడ తీసుకుని పెంటకుప్ప వైపు పోయింది. భారతమ్మ వాణ్ణి తెచ్చి గుంజ పట్టుకునేట్టు నిలబెట్టి, మళ్లీ పాల దగ్గర కూర్చుంది. అనంతమ్మ ఖాళీ గంపతో తిరిగివచ్చి కొట్టం గుమ్మంలో కాలు పెట్టేసరికి పిల్లవాడు గుంజ వదిలి తల్లి వైపు అడుగు వేస్తున్నాడు. రెండు చేతులూ చాపి, నోరు తెరిచి నవ్వుతూ వేస్తున్నాడు.

గంప ఒక పక్క, పాలచెంబు ఒక పక్క పడ్డాయి. అనంతమ్మ గద్దలా వాణ్ణి ఎత్తుకుని, పాదాలు పసుపునీళ్లతో కడిగింది.

"ఇది లెక్కల లేదు," అంది. "అడుగే గాదు. ఎవలకన్న చెప్తే బిడ్డ నీకు దక్కడు."

భారతమ్మ తలూపింది. పిల్లవాడు మళ్లీ దిగుతానని కాళ్లు కొట్టుకున్నాడు. పది రోజులు అలాగే కొట్టుకుని, తరవాత మానేశాడు.

మరుసటి ఆషాఢానికి మొక్కు తీరిపోయేదే. బోనాలకు పదిరోజుల ముందు ఈశ్వరయ్య పోయాడు. చావు జరిగిన ఇంటికి ఏడాది దాకా గుడి లేదు, పండుగ లేదు. ఆపై ఏడాది బోనాలు రేపనగా పాలివాళ్ల, అంటే దాయాదుల ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. పురుటి మైల పదకొండు రోజులు. ఎవరింట్లోనో పిల్ల పుట్టిన పాపానికి బిక్షం ఇంకో సంవత్సరం చంకలోనే ఉండిపోయాడు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆ విధంగా వాడికి మూడేళ్ల ఏడు నెలలు వచ్చాయి. మాటలకు కొదవలేదు. ఎడ్ల పేర్లు, ఎడ్ల తల్లుల పేర్లు కూడా చెప్పేవాడు. నాయినమ్మ కలిపి పెడితే తప్ప ముద్ద నోట్లోకి పోదు, ఎందుకంటే వాడి వేళ్లకు ముద్ద చెయ్యడం రాదు. రాయి ఇస్తే విసరలేడు, జారవిడుస్తాడు. సాటి పిల్లలు గోడలెక్కి దూకుతుంటే చంకలోంచి చూసి చప్పట్లు కొట్టేవాడు, అవి కూడా ఒక చెయ్యి ఒకచోట, ఇంకో చెయ్యి ఇంకోచోట పడేవి. కాళ్లు జొన్నకర్రల్లా సన్నగా వేలాడేవి.

1944 ఆషాఢంలో ఆ రోజు రానే వచ్చింది. బోనం భారతమ్మ నెత్తిన పెట్టి, బిక్షాన్ని తను ఎత్తుకుని, డప్పుల ముందు అనంతమ్మ నడిచింది. శంషాబాద్ నుంచి ఆమె తమ్ముడు బుచ్చయ్య కూడా వచ్చాడు. మూడేళ్లు ఆగిన మొక్కు కాబట్టి పక్క ఊళ్లవాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. పోచమ్మ గుడి మోకాలెత్తు అరుగు మీద ఉంటుంది. అనంతమ్మ మనవణ్ణి గడప మీద నిలబెట్టి, చంకల కింది చేతులు తీసింది.

వాడు బట్టలా కూలబడిపోయాడు.

ఆమె నవ్వి మళ్లీ నిలబెట్టింది. మళ్లీ కూలాడు. మూడోసారి ముందుకు తూలి గడపకు గడ్డం కొట్టుకుంది, నెత్తురు వచ్చింది. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో "కాళ్లు సచ్చినయేమో" అన్నారు. ఇంకెవరో "అయ్యో, కుంటోడా" అన్నారు.

అన్ని కళ్లూ తన మీదే ఉన్నాయని అనంతమ్మకు తెలిసింది. నలుగురి తప్పులు తేల్చిన మనిషి. ఆ వేడిలో ఎవరి మీదనో ఒకరి మీద తప్పు వెయ్యకపోతే అక్కడే కూలిపోయేట్టు ఉంది. కోడలి వైపు తిరిగింది.

"నా ఇంట్ల గిసొంటి కాళ్లు ఎవలకు లెవ్వు. కందుకూరోళ్ల రక్తమే గిట్లుంటది. దీని మేనమామ కుంటోడు గాదా? వచ్చే బోనాల నాటికి వీడు నడువకుంటే నా కొడుకుకు నా తమ్ముని బిడ్డను తెస్త. పోచమ్మ సాక్షి."

భారతమ్మ మేనమామ బండి మీంచి పడి కుంటివాడయ్యాడు. ఆ సంగతి అనంతమ్మకు తెలుసు. బిక్షం పదమూడో నెలలో అడుగు వేశాడన్న సంగతి ఆమెకూ భారతమ్మకూ ఇద్దరికే తెలుసు. తెలిసే అంది. భారతమ్మ నెత్తిన బోనం ఉన్నందువల్ల తల వంచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. నిటారుగా నిలబడి అత్తను చూసింది. బుచ్చయ్య గొంతు సవరించుకుని, "అక్క మాట అక్క మాటనే" అన్నాడు. అతని బిడ్డకు ఈడొచ్చి ఏడాదయింది. దశరథం డప్పులవాళ్ల దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

కోడలి ఆ చూపు అనంతమ్మను వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ చూపే, పేడ ఎత్తుతుంటే ఆ చూపే. భారతమ్మ మాత్రం ఎప్పటిలాగే లేచి ఎప్పటిలాగే పని చేసుకుంటోంది. తిట్టినా బాగుండేదని అనంతమ్మకు అనిపించింది. నాలుగు రోజులు చూసి, బిక్షాన్ని ఎత్తుకుని శంషాబాద్‌లో ఎముకలు కట్టే సాయిబు దగ్గరకు నడిచిపోయింది. సాయిబు వాడి మోకాళ్లు, మడమలు ఒత్తి చూశాడు.

"ఎముక మంచిగున్నది అవ్వా. కట్టుకు పనిలేదు. ఇంటికి పోండ్రి."

వచ్చే దారిలో పెద్ద రోడ్డు పక్క కంకర కుప్పలు పోసి ఉన్నాయి. యుద్ధం రోజులు. పటాలం లారీలు తిరిగి తిరిగి రోడ్డు గుంతలు పడితే, తండా నుంచి లంబాడీలను తెచ్చి రాళ్లు కొట్టిస్తున్నారు. ఎండకు ఆగలేక అనంతమ్మ ఒక కుప్ప పక్కన తుమ్మ నీడలో కూర్చుంది. అక్కడ తారాబాయి అనే ఆమె సుత్తితో రాళ్లు పగలగొడుతోంది. ఆమె కూతురు సోనీకి మూడేళ్లు కూడా నిండి ఉండవు. ఆ పిల్ల కంకర కుప్ప మీదికి చేతులూ కాళ్లూ వేసి ఎక్కుతోంది, జారుతోంది, మళ్లీ ఎక్కుతోంది. పైకెక్కి ఒంటికాలి మీద నిలబడి చూపించింది. బిక్షం ఒళ్లో నుంచి ముందుకు వంగాడు.

"నాయినమ్మా, దించు."

కాళ్లు కొట్టుకోవడం మానేసిన రెండున్నరేళ్లకు వాడు మళ్లీ దిగుతాననడం అదే మొదటిసారి.

"గంత పెద్ద పిలగాన్ని మోస్తున్నవు," అంది తారాబాయి సుత్తి ఆపి. "కాళ్లకేమయింది?"

"పుట్టుకతోనే గంతే," అంది అనంతమ్మ. అన్నాక ఆమెకు తన గొంతు తనకే వినబుద్ధి కాలేదు.

తారాబాయి లేచి వచ్చి, దుమ్ము చేతులు లంగాకు తుడుచుకుని, బిక్షం పాదం అరచేతిలోకి తీసుకుంది. వేలితో అడుగు గీకింది. వాడు కాలు గట్టిగా వెనక్కి లాక్కున్నాడు. ఇంకో కాలు గీకింది. అదీ లాక్కున్నాడు.

"జోరు మంచిగనే ఉన్నది. పాదమే చెంప లెక్క మెత్తగున్నది. ఇది నేలను ఎన్నడన్న చూసిందా అవ్వా?"

అనంతమ్మ మొక్కు సంగతి చెప్పింది. మొగుడు పోయింది చెప్పింది, పురుడు వచ్చింది చెప్పింది. చెబుతున్నకొద్దీ తన మొక్కు తనకే ఎబ్బెట్టుగా వినబడింది. తారాబాయి నవ్వలేదు.

"మా సోనీకి నడక ఎవరు నేర్పలేదు. పడ్డది, లేచింది. నువ్వు మీవాన్ని పడనియ్యలేదు. ఇగ యాడికెళ్లి లేస్తడు?"

ఇంకో రోజైతే రాళ్లు కొట్టే మనిషి తనకు చెప్పడమా అని అనంతమ్మ లేచి పోయేది. కోపం నాలుక దాకా వచ్చింది కూడా. దాంతోపాటు పాలచెంబు ఒలికిన కొట్టం గుర్తుకొచ్చింది, చేతులు చాపి నవ్వుతూ వస్తున్న పసివాడు గుర్తుకొచ్చాడు. వాడి కాళ్లను తనే తీసేసింది. తీసేసి, ఊరందరి ముందు కోడలి రక్తం మీద వేసింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. కొంగు ముందుకు లాక్కుని, మనవణ్ణి మట్టిలో దించింది.

మట్టి తగలగానే వాడు కెవ్వుమని పాదాలు రెండూ పైకెత్తేశాడు. సోనీ వచ్చి వాడి చేతిలో ఒక గులకరాయి పెట్టింది. పడేశాడు. మళ్లీ పెట్టింది. ఆ రోజు పొద్దు వాలేదాకా అదే ఆట.

సాయిబు కాళ్లు తోమి నూనె రాస్తానన్నాడని ఇంట్లో ఇంకో అబద్ధం చెప్పి, అనంతమ్మ రోజూ పొద్దున్నే ఆ కుప్ప దగ్గరకు పోయేది. పెద్ద కష్టం బిక్షంతో రాలేదు, ఆమె చేతులతో వచ్చింది. వాడు తూలితే చాలు, చేతులు వాటంతటవే చాపుకుపోయి పట్టుకునేవి. రెండు రోజులు చూసి తారాబాయి ఒక సుత్తి తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నీ చేతులు ఊకుంటలెవ్వు. ఇగ రాళ్లు కొట్టు."

పన్నెండెకరాల అనంతమ్మ రోడ్డు పక్కన కూర్చుని కంకర కొట్టింది. ఊరి బండి ఏదైనా కనబడితే కొంగు ముక్కు దాకా లాక్కుని, మొహం కుప్ప వైపు తిప్పుకునేది. వాడు దబ్బున పడిన చప్పుడైతే సుత్తి ఇంకా గట్టిగా వేసేది. ఒకసారి వేలు చితికింది. ఆ బాధ ఆమెకు ఎందుకో కొంత నయమనిపించింది.

దసరాకు బిక్షం కుప్ప మీదికి సగం దాకా పాకాడు. మొదట గుప్పెటతో గానీ రాయి పట్టుకోలేనివాడు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న చిన్న పలుకులు ఏరి సోనీ చిల్లుగంపలో వెయ్యడం నేర్చాడు. గంప అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. గంప బోర్లాపడితే వాడూ పడ్డాడు, లేచాడు. చలికాలంలో, వరి కోతలప్పుడు, గంప వదిలి సోనీ దాకా నాలుగడుగులు వేశాడు. మోకాళ్లు గీరుకుపోయాయి, పాదాలు మొరటెక్కాయి. రొట్టె తనే తుంచుకుని తినడం మొదలుపెట్టాడు, సగం ముక్కుకు పూసుకునేవాడు.

ఇదంతా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ చెప్పాలనే బయలుదేరేది. వాకిట్లోకి వచ్చి కోడలి మొహం చూసేసరికి వాణ్ణి మంచం మీద దించి కొట్టంలోకి పోయేది. ఒక్క మాటతో తెమిలే పనైతే చెప్పేదేమో. వాడు నడిచాడంటే ఎలా నడిచాడని అడుగుతారు, ఎందుకు నడవలేదని అడుగుతారు. అందుకని ఊరి పొలిమేర రాగానే వాడి కాళ్లు వాగులో కడిగి, చంకన వేసుకుని ఇల్లు చేరేది. బోనాలనాడు గడప మీద నడిపిస్తే మొక్కూ తీరుతుంది, తమ్ముడి బిడ్డ సంగతీ ఆగిపోతుంది, ఎవరూ ఏమీ అడగరు అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఒకనాడు కుప్ప దగ్గర మధ్యాహ్నం సద్దిమూట విప్పింది. రోజూ ఉండే రెండు రొట్టెలకు బదులు అందులో నాలుగున్నాయి. పక్కన చిన్న ఆకులో మడిచి, దెబ్బలకు రాసే పసుపు ముద్ద ఉంది.

భారతమ్మకు తెలుసు. వాడి మోకాళ్లు చూసి ఉంటుంది, పాదాలు తడిమి ఉంటుంది. అక్కడ ఇంకో పిల్ల, ఇంకో తల్లి ఉన్నారని కూడా వాడి మాటల్లో విని ఉంటుంది. విని, రొట్టెలు ఎక్కువ కాల్చింది. కన్నకొడుకు రెండోసారి నడక నేర్చుకుంటుంటే తను చూడలేకపోయింది, ఆ ముచ్చట కూడా అత్తే దాచేసుకుంది. అనంతమ్మ ఆ రొట్టెలు తారాబాయి ముందు పెట్టి, తను తినలేక కూర్చుండిపోయింది.

ఎండాకాలం చివర రోడ్డు పని ముందుకు జరిగిపోయింది. కూలీలు గుడిసెలు విప్పుకున్నారు. పోయేనాడు బిక్షం, సోనీ కుప్ప చుట్టూ ఉరికి ఉరికి అలిసిపోయారు.

"తల్లికి చూపిచ్చినవా అవ్వా?" అని అడిగింది తారాబాయి.

అనంతమ్మ సుత్తి ఆమె చేతికిచ్చి, నేల చూసింది.

మళ్లీ ఆషాఢం వచ్చింది. మళ్లీ డప్పులు, మళ్లీ బోనాలు. బుచ్చయ్య ఈసారి కొత్త ధోవతి కట్టుకుని వచ్చాడు, అతని వెనక సంబంధం మాటలు మాట్లాడే పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. భారతమ్మ కిందటేడు నిలబడిన చోటే నెత్తిన బోనంతో నిలబడింది. దశరథం మొహం వారం రోజుల నుంచి పీక్కుపోయి ఉంది, పాపం, భార్యను పంపలేడు, తల్లికి ఎదురు చెప్పలేడు. అనంతమ్మ బిక్షాన్ని అరుగు కింద దించింది.

వాడు ఒక కాలు అరుగు మీద వేసి, చేత్తో అంచు పట్టుకుని ఎక్కాడు. గడప దాటాడు. పోచమ్మ ముందు కుంకుమ వేలితో అద్దుకుని నొసటికి పెట్టుకున్నాడు. తిరిగి వచ్చి, అరుగు మీంచి రెండు కాళ్లతో కిందికి దూకాడు.

డప్పులు గుండెలదిరేట్టు మోగాయి. దశరథం ఏడ్చేశాడు. మొగుడు పోయిన మనిషని కూడా చూడకుండా ఆడవాళ్లు అనంతమ్మ కాళ్లకు పసుపు రాశారు. "అనంతమ్మ మొక్కు నిలిచింది, మొదటి అడుగు తల్లి గడప మీదనే పడ్డది" అని ఒకరు, "గసొంటి భక్తి ఎవలకుంటది" అని ఇంకొకరు అన్నారు. బుచ్చయ్య పెద్దమనుషుల వైపు చూసి, పోయిన పరువు కాస్త దక్కించుకోవడానికి నవ్వుతూ అన్నాడు.

"పోనీ తియ్యి. కందుకూరోళ్ల రక్తాన్ని తల్లి గీ రోజు కడిగింది."

అందరూ నవ్వారు. భారతమ్మ నెత్తిన బోనం కదల్లేదు.

అనంతమ్మ ఊరుకుంటే సరిపోయేది. కోడలు ఇంట్లోనే ఉంటుంది, మనవడు నడిచాడు, ఊరు తన కాళ్లకు పసుపు రాస్తోంది. ఆ పసుపు తడి పాదాల మీద పాకుతోంది. ఆనాడు పసివాడి పాదాలు కడిగిన పసుపునీళ్లు గుర్తుకొచ్చాయి. కాళ్లు వెనక్కి లాక్కుంది.

"డప్పులు ఆపుండ్రి," అంది.

ఆపేదాకా ఆగింది. పోచమ్మకు వీపు పెట్టి, ఆడవాళ్ల వైపు తిరిగింది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం వాళ్లెప్పుడూ వినలేదు.

"ఇది మొదటి అడుగు గాదు. వీడు పదమూడో నెలల్నే నడిచిండు, మా కొట్టంల, వాళ్లమ్మ దిక్కు. నేను గుంజుకున్న. నేలకు దించక వీని కాళ్లు నేనే సంపిన. సంపి, నిరుడు గీడనే నిలవడి కోడలి రక్తమన్న. తెలిసే అన్న. తల్లి సాక్షి అని గూడ అన్న."

బుచ్చయ్య "అక్కా, ఇప్పుడు గదంత ఎందుకు" అంటూ ముందుకు వచ్చాడు. అనంతమ్మ అతని వైపు చూడలేదు.

"మల్ల నడిపిచ్చింది నేను గాదు, తల్లీ గాదు. రోడ్డు మీద రాళ్లు కొట్టే తారాబాయి. గది గూడ మీకు చెప్పలేదు. సిగ్గయింది." కోడలి ముందుకు రెండడుగులు వేసి ఆగింది. "భారతమ్మా, ఆ రోజు వాడు ఏసిన అడుగు నేను చూసిన. లెక్కల లేదన్న. ఉన్నది బిడ్డా. గదొక్క అడుగు..."

భారతమ్మ బోనాన్ని రెండు చేతులతో సర్దుకుంది. ఆ ఊళ్లో నలుగురి ముందు ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ఒకటి గాదు, అత్తా. మూడు. నువ్వు మూడోది చూసినవు."

అనంతమ్మ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

కూలబడిన నాయినమ్మనూ, చుట్టూ జనాన్నీ చూసి బిక్షానికి భయం వేసింది. పాత అలవాటు కొద్దీ ఆమె దగ్గరకు వచ్చి, ఎత్తుకోమని రెండు చేతులూ చాపాడు. ఆమె చేతులు వాటంతటవే లేచాయి. లేచిన చేతులను ఒళ్లోకి లాక్కుని, కొంగులో చుట్టుకుంది.

"మీ అమ్మ తానికి పో," అంది. "నడిచి పో."

వాడు తిరిగి నడిచాడు. భారతమ్మ ఒక చేత్తో బోనం పట్టుకుని, రెండో చెయ్యి కిందికి చాపింది. అనంతమ్మ వాడి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మూడు దాకా లెక్కపెట్టి, ఆ పైన చూడలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.